కేఏ 06 ఎక్సెల్ వాదన

నేను టీవీఎస్ ఎక్సెల్ సూపర్‌ని. నా నంబరు కేఏ 06తో మొదలవుతుంది. మధుగిరి ఆర్టీవోకు కేఏ 64 రాకముందే పావగడలో రోడ్డెక్కానన్నమాట. నా పక్కనే అమ్మకానికున్న ఏపీ 02 స్ప్లెండర్‌తో నన్ను పోల్చేవాళ్లు మొదట అంకెలే చూస్తారు. దానిది 97.2 సీసీ, దాదాపు ఏడున్నర హార్స్‌పవర్, నాలుగు గేర్లు. నాది 69.9 సీసీ, మూడున్నర హార్స్‌పవర్, ఒక్కటే గేరు. ఇలా చూస్తే పోటీయే లేదు. కానీ ఆ ఏడున్నరా అందాలంటే ఇంజను నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరగాలి. నాగలమడక పక్క పెన్నేటి ఇసుకదారిలో చెనక్కాయ మూట వేసుకుని పోయే బండికి ఆ అవకాశం ఎక్కడిది? నా లాగుడు 3,750 చుట్లకే నిండుగా అందుతుంది. క్లచ్ పట్టే పని లేదు, గేరు మార్చే పని లేదు. యాక్సిలరేటర్ తిప్పితే కదులుతాను, వదిలి బ్రేకు వేస్తే నిలుస్తాను. శనివారం శనిమహాత్మ గుడి దగ్గరి రద్దీలో స్ప్లెండర్ నడిపేవాడి ఎడమచేతినడిగితే ఈ తేడా చెబుతుంది. పైగా నా ముందుభాగం ఖాళీ. మూట కాళ్ల మధ్యే కూర్చుంటుంది, బరువు కిందే ఉంటుంది, చీర కట్టుకున్న మనిషి కూడా ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. స్ప్లెండర్‌కు అక్కడ పెట్రోలు ట్యాంకు అడ్డం.

మిట్ట వస్తే ఏం చేస్తావంటారు. నిజమే, మొదటి గేరులో స్ప్లెండర్ నాకన్నా బాగా ఎక్కుతుంది. దాదాపు వంద కిలోమీటర్ల తుమకూరుకు రోజూ పోయేవాడు నన్ను కొనకూడదు. పెట్రోలు కూడా దానికన్నా ఎక్కువే తాగుతాను, అందులో టూటీ ఆయిల్ కలపాలి, పొగ వదులుతాను. వీటిలో దేన్నీ కాదనను. అయితే పావగడ రైతు బండికి ఊరికీ చేనుకూ మధ్యే ఎక్కువ పని. పైగా పాతబడ్డాక కొలవాల్సింది కొత్తలోని శక్తిని కాదు, మిగిలినదాన్ని. స్ప్లెండర్‌కున్నట్టు నాకు వాల్వులు లేవు, టైమింగ్ చైను లేదు. లాగుడు తగ్గిందంటే చాలాసార్లు సైలెన్సర్‌లో మసి పేరుకున్నట్టే. మెకానిక్ దాన్ని కాల్చి దులిపితే మళ్లీ ఊపిరాడుతుంది. స్ప్లెండర్ రింగులు అరిగి నీలిపొగ మొదలైతే ఇంజను విప్పక తప్పదు. నాకూ రింగులు అరుగుతాయి, కానీ ఆ రిపేరు చిన్నది. నాలో చూడాల్సిన అసలు లోపం వేరే ఉంది: క్లచ్ షూలు అరిగితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. ఖాళీ బండిని చదును రోడ్డు మీద తిప్పి చూస్తే అది బయటపడదు. మూట వేసి మిట్ట ఎక్కించి చూడండి. అక్కడ క్లచ్ జారితే నన్ను వదిలేసి స్ప్లెండర్‌కే బేరమాడుకోండి.