పాదం పట్టింది, పొంతన కుదిరింది!

కామారెడ్డి జిల్లా బిచ్కుందలో పెళ్లి కుదరాలంటే నక్షత్రాలతో ఆగక వాటి పాదాలను కూడా పంచాంగంలో వేలు పెట్టి చూసే పెద్దలు, అదే పెళ్లిని ఆల్బంలో నిలపవలసిన కెమెరాకూ దాని నెత్తినెక్కే ఫ్లాషుకూ పొంతన ఉన్నదా అని అడగరు. ఎవరైనా అడిగినా, అమ్మకందారు ‘యూనివర్సల్’ అనే ఒక్క మాటతో సంబంధం ఖాయం చేసేస్తాడు. ఆయన లెక్కలో పొంతన అంటే ఫ్లాషు పాదం కెమెరా మీది గాడిలో, అంటే హాట్ షూలో, బిగుసుకోవడమే. ఆ లెక్కన గడపలో పట్టిన ప్రతివాడూ అల్లుడే.

గాడి కొలత చాలా కంపెనీలకు ఒకటే. అమ్మకందారు మాటలో నిజం అంతవరకే. గాడి నడుమనున్న పెద్ద బిందువు ‘ఇప్పుడు వెలుగు’ అనే ఒక్క ఆజ్ఞనే మోస్తుంది. ఎంత వెలగాలో చెప్పేవి పక్కనున్న చిన్న బిందువులు. అవి క్యానన్‌లో నాలుగు, నికాన్‌లో మూడు, అమరికా వేరు, భాషా వేరు. అసలు మెరుపుకు ముందు ఒక చిన్న మెరుపు మెరిపించి, ముఖం మీంచి తిరిగొచ్చిన కాంతిని లెన్సు గుండా కొలిచి మోతాదు తేల్చే పద్ధతిని టీటీఎల్ అంటారు. తెలుగు, మరాఠీ, కన్నడం కలిసి వినిపించే బిచ్కుంద సరిహద్దు ప్రాంతంలో భాష రాని కోడలైనా నెగ్గుకొస్తుందేమో గానీ, నికాన్ ఫ్లాషుకు క్యానన్ కెమెరా చెప్పే మోతాదు చెవికెక్కదు.

ఇక క్యానన్ 3000డీ, 2019 నాటి 200డీ మార్క్ 2 కెమెరాలలో ఆ నడిమి బిందువే లేదు. ఒంటి బిందువు మీద బతికే చవక ఫ్లాషు వాటి గాడిలో చక్కగా బిగుసుకుని, దీపం కూడా వెలిగించుకుని, సరిగ్గా పుస్తె కట్టే వేళకు మౌనవ్రతం పడుతుంది. అటకమీది పాత ఫ్లాషులది వేరే జాతకం: కెమెరా గాడి తట్టుకోవలసిన వోల్టేజీ గురించి ఐఎస్ఓ 10330 ప్రమాణం 24 వోల్టుల దాకా మాట్లాడుతుండగా, తొలినాటి వివిటార్ 283లలో కొన్ని 200 వోల్టులు దాటి పంపుతాయి, ఆ దెబ్బకు పోయేది కెమెరాయే గనక ఆ సంబంధంలో వైధవ్యం కెమెరాది కాదు, ఫ్లాషుది.

పెట్టె మీది ‘60’ అనే గైడ్ నంబరును కట్నం అంకెలా చదవడం మరో ముచ్చట. అది దూరాన్ని అపెర్చర్ సంఖ్యతో గుణించగా వచ్చే కొలత. ఫ్లాషు తలను 200 మిల్లీమీటర్లకు జూమ్ చేసి కొలిచిన ఆ ఘనత, పందిట్లో 35 మిల్లీమీటర్లకు వచ్చేసరికి బాగా చిక్కిపోతుంది.

ఇన్ని దోషాలకూ పరిహారం ఒక్కటే, ఎడిటింగ్. అక్కడ చీకటి ఫొటోను బలవంతంగా వెలిగించగా నాయిస్ అనే గరుకు చుక్కలు పైకి తేలుతాయి. వాటిలో చుక్కలేవో, తలంబ్రాల బియ్యమేదో ఏరుకునే పని వియ్యాలవారిది.