ఆకలి పుట్టనివ్వని అన్నదాతలు

రాత్రి ఎనిమిదయితే మా ఎదురింట్లో కొలువు తీరుతుంది. మూడేళ్ల యువరాజావారు ప్లాస్టిక్ కుర్చీలో వేంచేస్తారు. నాన్న ఫోన్ పట్టుకుంటాడు, అమ్మ గిన్నె పట్టుకుంటుంది, మామ్మ మూతి తుడిచే గుడ్డతో సిద్ధం. తెర మీద బొమ్మ గెంతితే నోరు తెరుచుకుంటుంది, ఆ సందులో పప్పన్నం లోపలికి. నెట్ ఆగిందా, నోరు మూత. వెళ్లిన ముద్ద కూడా బుగ్గలో పది నిమిషాలు కాపురముంటుంది.

"మావాడు ఏమీ తినడండీ" అని ఆ ఇల్లాలి గోల.

పొద్దుట్నించీ ఏం పెట్టావమ్మా అన్నాను. ఏమీ లేదుట. లేవగానే పాలల్లో పొడి. పదింటికి బిస్కెట్లు, ఏడుస్తుంటేనూ. మధ్యాహ్నం అన్నం వద్దన్నాడని మళ్లీ పొడి. నాలుగింటికి మడతకాజా, తాపేశ్వరం పక్కూరే కదా. ఆరింటికి చిప్స్. ఎనిమిదింటికి పిల్లాడికి ఆకలి లేదు. ఏం రోగమో పాపం!

చుట్టూ వరిచేలు, రైసు మిల్లులు, కోళ్లఫారాలు ఉన్న మండపేటలో, కోడిగుడ్డు ముక్క పిల్లాడి నోటికి చేరాలంటే ఇంటర్నెట్ కావాల్సొచ్చింది.

ఇక ఆ పొడి మహాత్మ్యం. ఎత్తు పెరుగుతాడట, బుర్ర పదునెక్కుతుందట. 2024 ఏప్రిల్ 10న కేంద్ర వాణిజ్య శాఖ, బోర్నవిటాతో సహా ఇలాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' వరసలోంచి తీసెయ్యమని ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెప్పింది. 2006 ఆహార భద్రత చట్టంలో అసలు ఆ మాటకి నిర్వచనమే లేదు. మన ధవళేశ్వరంలో ఫ్యాక్టరీ ఉన్న హార్లిక్స్ కూడా ఆ నెల్లోనే వరస పేరు మార్చుకుని 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్' అయింది. పేరు నోరు తిరగనిదైతే ఇంకా బలమని మనవాళ్లు రెండో చెంచా వేశారు.

పుట్టిన మొదటి ఏడాది బిడ్డ బరువు మూడింతలవుతుంది. తర్వాత ఎదుగుదల నెమ్మదిస్తుంది, తిండీ తగ్గుతుంది. అది ప్రకృతి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దవాళ్ల పని, ఎంత తినాలో పిల్లాడి పని అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ ఎన్నడో చెప్పింది. మన పద్ధతి తిరగేసి ఉంది: ఏం కావాలో వాడు చెబుతాడు, ఎంత కుక్కాలో మనం చెబుతాం.

డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టింది ఈ మండపేటలోనే. లంకల గన్నవరం కోడలై, వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించింది. బడి భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే. ఆవిడ అరుగెక్కినవాడు ఆకలితో వచ్చేవాడు కాబట్టి విస్తరి ముందు ఎవరూ కోతిలా గెంతి చూపించాల్సిన పని పడలేదు. మనం ఆవిడని మించిన దాతలం. ఆకలి వెయ్యకముందే తీర్చేస్తాం.

మొన్న గాలివానకి సాయంత్రం నాలుగు నుంచి కరెంటు లేదు, నెట్ లేదు, కొట్లు మూత. కొవ్వొత్తి వెలుగులో మామ్మ ముద్దపప్పు, నెయ్యి కలిపి కంచం కింద పెట్టిందట. పిల్లాడు సగం ఒలకబోసుకుని, మిగతాది తన చేత్తోనే తిన్నాడట.

తొమ్మిదిన్నరకి కరెంటొచ్చింది. "పాపం, సరిగ్గా తిన్నాడో లేదో" అని గ్లాసుడు పాలు కలిపి, ఫోన్ చేతికిచ్చారు.