తిరస్కరణ పత్రానికి సంజీవని

మూలం: “సదరు వాహనము జలమయ స్థితియందుండగా స్టార్టు చేయబడుటచే కలిగిన ఇంజను నష్టము పర్యవసాన నష్టమగుటవలన చెల్లింపునకు అర్హము కాదు.”

(ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం ఇంగ్లీషులో వచ్చింది. నాటకాల్లో ప్రాకృతానికి సంస్కృత ఛాయ ఇచ్చినట్టు నేనిచ్చిన ఛాయ ఇది.)

అవతారిక: 2020 అక్టోబరు 13 రాత్రి ఉప్పల్ నుంచి ఇంటికొస్తూ నాచారం హెచ్‌ఎంటీ నగర్ దగ్గర, నీళ్లలో ఆగిపోయిన ట్రాలీ ఆటోను గుద్దాను. బంపరు పగిలింది, బండి ఆగింది. కాసేపటికి పెద్ద చెరువు నీళ్లొచ్చి సీట్ల మీద కూర్చున్నాయి. నీళ్లు తీశాక అలవాటు చొప్పున తాళం తిప్పాను. టక్కుమంది. అంతే.

ప్రతిపదార్థం: సదరు = పేరు చూసే తీరిక లేని కారణాన; జలమయ స్థితియందుండగా = చెరువు కారులోకొచ్చిందా, కారు చెరువులోకెళ్లిందా అన్నది తేల్చకుండా; స్టార్టు చేయబడుటచే = నీ చేత! కర్మణి ప్రయోగంలో కర్తను దాచినట్టే దాచి వేలు పెట్టి చూపడం ఇందలి చమత్కారం. మిగతావి సులభం, వదిలేస్తున్నాను.

విశేషం: ‘పర్యవసాన నష్టము’, అంటే అసలు నష్టం వెనకాల దాని ఫలితంగా వచ్చే నష్టం. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన కొలాచల మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మన మెదక్ కొల్చారం వాడంటారు. ఆ ఒట్టులో మొదటి సగం పాటిస్తాను. రెండో సగం నావల్ల కాదు. ఎందుకంటే ఇక్కడ దండాపూప న్యాయం చెప్పుకోకుండా దాటలేం. కర్రకు అప్పాలు గుచ్చి పెట్టారు. ఎలుక కర్రనే తినేసింది. ఇక అప్పాల సంగతి అడగాలా? ఆ అప్పం మన అరిసెలాంటిదా, బూరెలాంటిదా అన్నది వేరే చర్చ. అరిసే అని నా పక్షం, బూరెను కర్రకు గుచ్చితే పూర్ణం కారిపోతుంది. కారు మునిగితే ఇంజను మునిగిందా అని అడిగేవాడు మాత్రం అప్పాలు లెక్కపెట్టే రకం.

తార్కికులు కుండకు కారణాలు చెబుతూ మట్టి, చక్రం, కర్ర, కుమ్మరి అన్నారు. మట్టి మోసుకొచ్చిన గాడిదను మాత్రం అన్యథాసిద్ధమని పక్కకు తోసేశారు. దాని మీద నాకెప్పుడూ జాలే. వీపు పుండయ్యేలా మోసినా కుండలో దానికి వాటా లేదు. మా సర్వేయరు కూడా తార్కికుడే. మ్యాటు ఎత్తి, ఒండ్రు మీద వేలితో గీసి, ఫొటో తీసుకుని వెళ్లాడు. రిపోర్టులో నేను కుమ్మరినయ్యాను, వరద గాడిదయింది.

షెడ్డులో ఇంజనాయిలు దింపితే పాలెక్కువైన చాయ్‌లా కారింది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టను పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగింది. వంచింది తాళం చెవా, నీళ్లా? వరద, ముంపు పాలసీలో పేరుపేరునా ఉన్నాయి. ఇంజనుకు వేరే యాడ్‌ఆన్ కట్టాలట. అమ్మేటప్పుడు “ఫుల్ ఇన్సూరెన్స్ సార్” అన్నవాడు ‘ఫుల్’లోంచి ఇంజను తీసేశామని ఎందుకు చెప్పలేదు? గుద్దుడు ఒక క్లెయిమ్, ముంపు ఇంకో క్లెయిమ్ అని మినహాయింపు 1000 చొప్పున రెండుసార్లు కోశారు. బంపరు ప్లాస్టిక్కు గనక దాని ధరలో 50 శాతం తరుగు.

పాఠభేదం: అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవాలంటే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. చేశాను. జవాబుగా అదే వాక్యం వచ్చింది. బండి నంబరులో మాత్రం ఒక అంకె మారింది. ఆ కారు ఎవరిదో, పాపం, దానికీ క్లెయిమ్ లేదు.