ప్రిపరేషన్‌లో ఉండా

డీఎస్సీకి ప్రిపేరవుతా ఉండానని చెప్పుకోవడంలో ఉన్న సుఖం డీఎస్సీ గెలిచి మాస్టరైనవాడికి కూడా దక్కదు. గెలిచినవాడు పొద్దున్నే బడికి పోవాలి, హాజరు వేసుకోవాలి, గుడ్ల లెక్క రాయాలి. ప్రిపేరయ్యేవాడికి అవేవీ లేవు. పెళ్లిళ్లకు పోకపోయినా ఎవరూ అలగరు. "ఏం అయ్యోరూ, ఏం చేస్తాండావు?" అని ఎవరైనా గుమ్మంలో నిలబడితే ఒళ్లో పుస్తకం తెరిచి ఉంటే చాలు, అడిగినాయనే గొంతు తగ్గించి "చదువుకో నాయనా, చదువుకో" అని వెళ్లిపోతాడు. ఆ పుస్తకం తిరగేసి ఉన్నా ఆయనకు తెలియదు.

నేను ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి. పిల్లలు తగ్గినారని సెక్షన్లు తగ్గించినారు, సెక్షన్లతో బాటు నన్నూ తగ్గించినారు. అప్పట్నుంచి ఇంటి కాడే. మా ఆవిడ వికృతమాల కాడ ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పని చేస్తుంది. ఐదేళ్లు దాటిన కూతురు, మూడేళ్ల కొడుకు నా వాటాకు వచ్చినారు.

మిగతా ఊళ్లలో ఉద్యోగం లేదంటే జనం జాలిపడతారేమో గానీ, ఏర్పేడులో నమ్మరు. ఒక పక్క రేణిగుంట విమానాశ్రయం. వెంకటగిరి రోడ్డు పట్టుకుంటే ఐఐటి. ఇంకోపక్క ఐసర్. రెండూ 2015లో తిరుపతి పేరుతో మొదలై మా మండలానికి వచ్చి చేరినవే. వికృతమాలలో టీవీ ప్యానెళ్లు చేస్తారు. ఒకప్పుడు కలుపుకు పోయిన ఆడవాళ్ల కూతుళ్లు ఇప్పుడు మెళ్లో ఐడీ కార్డు వేసుకుని కంపెనీ బస్సెక్కుతున్నారు. "ఏర్పేడులో ఉండి పని దొరకలేదనడం కొండెక్కి లడ్డు దొరకలేదన్నట్టుంది" అన్నాడు మా మామ. కొండెక్కినా దొరకని రోజులుంటాయని చెప్పబోయి, పిల్లనిచ్చిన మామ కదా అని ఊరుకున్నా.

మా ఊరికి ఇంకో పేరూ ఉంది. మలయాళ స్వామి కేరళ నుంచి వచ్చి, కులం చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా అందరికీ వేదాంతం చెప్పిన వ్యాసాశ్రమం ఇక్కడే. అంటే కొలువు కావాల్సినవాళ్లకు ఒకవైపు దారి ఉంది, కోరికలు వద్దనుకునేవాళ్లకు ఇంకోవైపు దారి ఉంది. ఐఐటి గేటు లోపలికి పోయేంత చదువు నాకు లేదు. ఆశ్రమం వైపు పోదామంటే వెనకనే ఇద్దరూ చెప్పులు వేసుకుని తయారవుతారు, అక్కడ ఐస్‌క్రీం ఉంటుందా అని.

ఇక అసలు సంగతి. మగవాళ్లు ఎవరూ బయట చెప్పుకోరు గనక నేనే చెబుతున్నా. నా కాడ రెండు సాకులున్నాయి. ఉద్యోగం ఎందుకు వెతకలేదంటే పిల్లలు. పిల్లలకు నీళ్లెందుకు పోయలేదంటే ఉద్యోగం. పొద్దున మా ఆవిడ "ఆ తిరుపతి బడికి ఫోన్ చేసినావా?" అంటే, "వీళ్లిద్దర్నీ పెట్టుకుని ఎట్ల చేసేది?" అంటాను. సాయంత్రం వచ్చి "బిడ్డ తల ఇట్లుందే, దువ్వలేదా?" అంటే, "నాలుగు దరఖాస్తులు పెట్టేసరికి పొద్దు పోయింది" అంటాను. ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి. ఒక్క ప్రమాదమల్లా, రెండు ప్రశ్నలూ ఒకే పూట అడిగితే దొరికిపోతాను. ఆదివారం నాకు గండం.

చదువు విషయానికొస్తే నాది బీఎడ్. 2018లో ఎన్సీటీఈ బీఎడ్ వాళ్లు కూడా ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. బాగుందే అనుకునేలోగా రాజస్థాన్‌లో మొదలైన తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 ఆగస్టు 11న కోర్టు తేల్చి చెప్పింది: చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి వేరే శిక్షణ కావాలి, అది డీఎడ్ వాళ్లకు ఉంటుంది, బీఎడ్ వాళ్లకు ఉండదు. దాంతో 2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 16,347 పోస్టులతో వచ్చినప్పుడు, అందులో చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టుల వైపు నేను తలెత్తి చూసే పని లేకపోయింది.

మా ఆవిడకు ఈ తీర్పు గురించి చాలా బాధగా చెప్పాను. బీఎడ్ చదివినాయన చిన్నపిల్లల్ని సంబాళించలేడని దేశంలోనే పెద్ద కోర్టు అనేసింది చూడు అన్నాను. ఆమె ఇల్లంతా ఒకసారి కలియజూసింది. గోడ మీద స్కెచ్ పెన్నుతో గీసిన ఏనుగు, మంచం కింద బొరుగులు, ఒక కాలికే చెప్పుతో కొడుకు.

"సుప్రీంకోర్టుకు మనింటి సంగతి ఎవరు చెప్పింటారబ్బా?" అంది.

సరే, మిగిలింది స్కూల్ అసిస్టెంట్ లెక్కలు. దానికీ సైకాలజీ చదవాలి. ఇక్కడే నాకు గొప్ప ఆలోచన వచ్చింది. పియాజె అనే స్విట్జర్లాండ్ పెద్దమనిషి తన ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే గమనించి పుస్తకాలు రాసినాడు. నా ఇంట్లోనూ ఇద్దరున్నారు. ఇద్దరూ రెండు నుంచి ఏడేళ్ల మధ్య పూర్వ ప్రచాలక దశలోనే ఉన్నారు. పుస్తకం మూసి పిల్లల్ని చూస్తే చాలు, రెండు పనులూ అయిపోతాయి. (పియాజె ఇంట్లో ఆ పిల్లల్ని గమనించడంలో వాళ్లావిడ కూడా సాయపడిందంట. బోకులు ఎవరు తోమినారో మాత్రం మా గైడులో లేదు.)

ఈ వయసు బిడ్డలకు పదిలపరచుకునే భావన ఉండదంటాడు ఆయన. అంటే ఒకే కొలత నీళ్లు పొట్టి గ్లాసులో పోసి ఒకటి, పొడుగు గ్లాసులో పోసి ఒకటి చూపిస్తే పొడుగుదాంట్లోనే ఎక్కువున్నాయంటారు. ఒకరోజు పాలు సరిగ్గా కొలిచి పాపకు పొట్టి గ్లాసులో, వాడికి పొడుగు గ్లాసులో పోసినాను.

"వానికే ఎక్కువ పోసినావు" అంది పాప. పియాజె గెలిచినాడు. నేను పొంగిపోయినాను.

అక్కడితో ఆగాల్సింది. అయ్యవారు ఆగుతాడా? అలాంటిదే ఇంకో పొడుగు గ్లాసు తెచ్చి, పాప కళ్ల ముందరే పొట్టి గ్లాసులో పాలు దాంట్లోకి వంచినాను. రెండూ ఒకే మట్టానికి వచ్చినాయి. "చూస్తివా? సమానమే కదా?"

పాప రెండు గ్లాసులూ వంగి చూసింది. "ఇప్పుడు సమానంగా పోసినావు. ఇందాక తక్కువ పోసినావు" అంది.

దీనికి గైడులో జవాబు లేదు. నేను వెతుకుతుండగానే, తనదే పెద్ద గ్లాసు అనుకున్నంత సేపూ కులాసాగా ఉన్న కొడుకు, అక్కకూ అలాంటిదే వచ్చేసరికి రాగం అందుకున్నాడు. ఆ పెనుగులాటలో పాలు అభ్యసన సిద్ధాంతాల మీదుగా ప్రవహించి థార్న్‌డైక్ దాకా పోయినాయి. సాయంత్రం ఎండకు ఆరేసిన పుస్తకం చూసి మా ఆవిడ జరిగిందంతా విన్నది. "మొదట్నే ఇద్దరికీ ఒకేరకం గ్లాసులు తీసుంటే సరిపోయేది కదయ్యా" అంది. ఆమె చదివింది ఇంటర్.

పావ్‌లోవ్ గురించి అయితే నేనసలు చదవనక్కరలేదు. రష్యా ఆయన, 1904లో నోబెల్ వచ్చింది, గంట కొడితే కుక్క నోట్లో నీళ్లూరేలా అలవాటు చేసినాడు. మా వీధి మొదట్లో కంపెనీ బస్సు ఆగేటప్పుడు హారన్ కొడుతుంది. హారన్ వినపడగానే నా చెయ్యి తనంతట తాను టీవీ రిమోటు వదిలేసి పుస్తకం అందుకుంటుంది. ఈ సంగతి నాకే తెలుసనుకున్నాను. ఒక రాత్రి అందరం అన్నం తింటుండగా ఏదో లారీ హారన్ కొట్టుకుంటా పోయింది. మూడేళ్లవాడు సంగటి ముద్ద చేత్తో పట్టుకుని, "నాయనా, బస్సొచ్చింది, బుక్కు తియ్" అన్నాడు. మా ఆవిడ పక్కనే కూర్చుని ఉంది.

పరీక్ష ముచ్చట పెద్దగా చెప్పుకునేది కాదు. 3 లక్షల 36 వేల మంది దరఖాస్తు పెట్టిన పరీక్ష, నేనూ జూన్‌లో పోయి రాసినాను. మార్కులు అడక్కండి. నార్మలైజేషన్ అని ఒకటుంది, నాలాంటివాళ్లు దాని వెనకే దాక్కుంటారు. సెప్టెంబరు 25న అమరావతిలో కొత్త మాస్టర్లకు నియామక పత్రాలిస్తుంటే టీవీలో చూసినాను. ఆరోజు హారన్ కూడా వినపడలేదు.

తర్వాత తిరుపతిలో ఒక ప్రైవేటు బడివాళ్లు డెమో క్లాసుకు రమ్మన్నారు. ఆవిడకు సెలవు రోజు, నలుగురం పల్లెవెలుగు ఎక్కినాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపించి మా ఆవిడ జీరో టికెట్ తీసుకుంది. పాపకూ జీరోనే. కొడుక్కి ఐదేళ్లు లేవు, వాడికి టికెట్టే లేదు. ఇంట్లో సంపాదన లేని ఒక్క మనిషీ జేబులోంచి డబ్బు తీసి ఫుల్ టికెట్ కొన్నాడు. ఆ డబ్బు కూడా బస్టాండులో మా ఆవిడ ఇచ్చిందే. కండక్టరు చిల్లర నాకివ్వబోతే పాప చెయ్యి చాపి, "అమ్మకియ్యి" అంది.

డెమో బాగా చెప్పినాను, భిన్నాలు. జీతం ఇంతని చెప్పినారు. బయటికొచ్చి మా ఆవిడ చెట్టు కింద నిలబడి వేళ్ల మీద లెక్క కట్టింది: బస్సు చార్జీలు ఇంత, వీళ్లిద్దర్నీ ఎవరికైనా అప్పజెప్తే ఇంత. నువ్వు పనికి పోతే నెలనెలా మనమే ఎదురు కట్టాల్సొస్తుంది అంది. నేను బీఎడ్ మ్యాథ్స్, ఇంకో రకంగా కట్టి చూసినాను. అంతే వచ్చింది.

ఇప్పుడు మిద్దె మీద రోజూ సాయంత్రం బడి జరుగుతోంది. పాప టీచరు, చేతిలో చీపురుపుల్ల. తమ్ముడు, ఎదురింటి పిల్లోడు, రెండు బొమ్మలు విద్యార్థులు. మొన్న ఊరికే ఉండలేక పైకి పోయి, "మేడమ్, మీ బళ్లో ఏమన్నా పోస్టులుండాయా?" అన్నాను.

పాప చాలాసేపు ఆలోచించింది. "ఉండాది. ముందు ఏడునూర్ల యాభై కట్టాల" అంది. నోటిఫికేషనప్పుడు దరఖాస్తు ఫీజు గురించి మేం వాదులాడుకున్నదంతా వినిందన్నమాట.

నా కాడ చిల్లర లేదన్నాను.

"అమ్మనడిగి ఫోన్‌పే చెయ్" అంది.