సమానం గుర్తు మీద తగవు

మొన్న ఆదివారం హయత్‌నగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని మనవడు ల్యాప్‌టాప్‌లో ఏదో ప్రోగ్రాం రాస్తున్నాడు. లైన్లు ఎక్కడివక్కడ వదిలేసి ఒక మీట నొక్కాడు. అంతే, బడి గంట కొట్టినట్టు అన్నీ బారులు తీరాయి. అదేంట్రా అంటే, "ఫార్మాటర్ చూసుకుంటది తాతా, మేం అవన్నీ పట్టించుకోం" అన్నాడు. పట్టించుకోరట! బిడ్డా, ఆ పట్టింపు మీదే నెల రోజులు మాటలు మానేసిన మనుషులం మేము.

మొదట్నుంచీ చెప్తా విను. నేను ఫోర్‌ట్రాన్ నేర్చుకుంది 1979లో, పంచ్ కార్డుల మీద. అంతకు ముందు ఏడాదే ఐబీఎం మన దేశంలో దుకాణం సర్దేసింది గానీ, ఆ కార్డుల పద్ధతి ఇక్కడే ఉండిపోయింది. కార్డుకి 80 నిలువు గళ్ళు. మొదటి అయిదూ లేబుల్ నంబరుకి, ఆరోది పై కార్డులోని వాక్యం ఇంకా సాగుతోందని చెప్పడానికి, ఏడు నుంచి 72 దాకా అసలు వాక్యం. ఏడులో పడాల్సిన అక్షరం ఆరులో పడిందా, ఆ కార్డు ముందరి కార్డుకి తోకైపోయేది. కట్ట కిటికీలో ఇచ్చి మర్నాడు వెళ్తే చేతికి తప్పుల కాగితం వచ్చేది. మళ్ళీ కార్డు కొట్టి, మళ్ళీ వరసలో నిలబడి, ఇంకో రోజు. ఒక్క గడి తేడాకి రెండు రోజులు పోయేవి. తిట్టుకునేవాళ్ళం, ఆ మాట దాచను. కానీ గుర్తు పెట్టేముందు చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం మీకు లేదు.

ఆ ఫోర్‌ట్రాన్‌లో సమానం గుర్తు పెడితే విలువ పెట్టమని అర్థం. రెండూ సమానమేనా అని అడగాలంటే చుక్క, ఈక్యూ, చుక్క. రెంటికీ పోలికే లేదు గనక పొరపాటుకి చోటు లేదు. 1970లో నిక్లాస్ విర్త్ గారు పాస్కల్ తెచ్చారు. లెక్కల పుస్తకంలో సమానమంటే సమానమే కదా, దాన్ని అడగడానికే ఉంచేసి, విలువ పెట్టడానికి ఆల్గాల్ భాషలో ఉన్నట్టే ముందు ఒక కోలన్ తగిలించారు. పెద్దమనిషి చేసే పని అది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ గారి లెక్క వేరు. ప్రోగ్రాముల్లో విలువ పెట్టడం ఎంత జరుగుతుందో, అడగడం అందులో సగమే. కాబట్టి పెట్టడానికి ఒక గుర్తు చాలు, అడగడానికి రెండు ఉండనీ అన్నారు. బీ భాషలో ఆయన చేసిన ఆ ఏర్పాటే డెనిస్ రిచీ గారి సీలోకి వచ్చింది. వాళ్ళకి ఒక మీట నొక్కే శ్రమ తప్పింది, మా పీకల మీదికొచ్చింది.

1994లో దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి దగ్గరి సందులో, మూడో అంతస్తులో సీ చెప్పేవాణ్ణి. ఓ చిన్న కంపెనీకి జీతాల ప్రోగ్రాం రాసిచ్చా. గ్రేడు ఒకటైతే బోనస్ కలపాలి. అడగాల్సిన చోట రెండు సమానాలకి ఒకటే కొట్టాను. కంప్యూటర్ అడగడం మానేసి, ప్రతి మనిషి గ్రేడూ ఒకటి చేసేసింది. స్వీపర్ నుంచి మేనేజర్ దాకా అందరికీ బోనస్. వాళ్ళ అకౌంటెంట్ జీతాల షీట్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చేదాకా నాకు తెలీదు. ఆ రాత్రంతా ఆ లైను మీదుగా పదిసార్లు పోయా, కనబడలేదు. మనసులో ఉన్నదే కన్ను చదువుతుంది.

మర్నాటి నుంచి క్లాసులో కొత్త నియమం. ఒక్క సమానం కనబడితే "చెయ్యి" అని చదవాలి, రెండు కనబడితే "అవునా" అని. గ్రేడు ఒకటి చెయ్యి. గ్రేడు ఒకటి అవునా? తెలుగు వచ్చినవాడెవడూ ఈ రెంటినీ కలిపెయ్యడు. ముప్పై మందికి ఆరు కంప్యూటర్లు, మనిషికి అరగంట. మిగతా టైమంతా నోటుబుక్కులో పెన్సిలుతో రాసి, ఎక్కాలు చదివినట్టు పైకి చదివేవాళ్ళు. కింద బట్టల దుకాణం అతనికి కూడా చెయ్యి, అవునా కంఠతా వచ్చేశాయి.

బ్రాకెట్ల సంగతి ఇంకో రామాయణం. తెరిచే బ్రాకెట్టు విడిగా కింది లైన్లో ఉండాలని నేను. మూసేదానికి సరిగ్గా పైన, తలుపు రెక్కల్లా ఎదురెదురుగా ఉంటే చదివేవాడు తడుముకోడు. నాతో పాటు చెప్పే ఆయన కెర్నిగన్, రిచీల సీ పుస్తకంలో ఉన్నట్టు లైను చివరే పెట్టేవాడు. కాగితం ఆదా అట! ఇరానీ హోటల్లో చాయ్ చల్లారేదాకా వాదన, తర్వాత బస్సులో వాదన. మామిడిపళ్ళ రోజుల్లో కొత్తపేట మార్కెట్ ముందు లారీల మధ్య బస్సు ఇరుక్కుంటే మాకు పండగే. ఎల్బీనగర్‌లో దిగాల్సిన మనిషి, వాదన తెగక నాతో హయత్‌నగర్ దాకా వచ్చి, తిరుగు బస్సెక్కి పోయేవాడు. ఇప్పుడా మార్కెట్టూ బాటసింగారం పోయింది, ఆ వాదనా పోయింది. గూగుల్ వాళ్ళు 2009లో తెచ్చిన గో భాషలో బ్రాకెట్టు కింది లైన్లో పెడితే కంపైలరే ఒప్పుకోదు. నేను ఓడిపోయినట్టే లెక్క. చివరికి ఎవరో ఒకరు తేల్చారు కదా అంటాడు మనవడు. తేలింది సరే, ఎందుకలా పెట్టావని అడిగేవాడు లేకుండా పోయాడు కదా.

మీ పైథాన్ చూడు. లైను ముందు ఎన్ని ఖాళీలున్నాయో దాన్ని బట్టే అర్థం. మేం వదిలించుకున్న గళ్ళే మళ్ళీ వచ్చాయి కదరా అన్నా. "మరి ఆ రోజులే బాగున్నాయన్నావు కదా తాతా" అన్నాడు. దానికి నాకు జవాబు తోచలేదు.

అయితే పైథాన్‌లో ఒకటి మెచ్చుకోవాలి. ఇఫ్ అని అడిగే చోట ఒట్టి సమానం రాస్తే తప్పని మొహమ్మీదే చెప్పేస్తుంది. నా బోనస్ తప్పు అక్కడ జరగదు. 2018లో అక్కడా విలువ పెట్టనివ్వాలని, దానికి కోలన్, సమానం కలిపిన గుర్తు వాడాలని ప్రతిపాదన వచ్చింది. నెలల తరబడి తగవు. దాన్ని ఆమోదించాక, ఆ పోరుతో అలిసిపోయి, భాషని పుట్టించిన గైడో వాన్ రాసమ్ గారే జులైలో పెద్దరికం వదిలేశారు. మరుసటేడు అక్టోబర్లో 3.8తో పాటు ఆ గుర్తు వచ్చేసింది. రెండు గుర్తుల కోసం ఇంత గొడవా అని మనవడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ తగవుపడ్డ వాళ్ళందరినీ మా ఇరానీ హోటల్‌కి పిలిచి చాయ్ తాగించాలనిపించింది.

వాడి ప్రోగ్రాంలో లైను తెచ్చుకుని ఉందో లేదో చూసేచోట ఆ గుర్తే ఉంది. "దీన్నేమని చదువుతావురా?" అన్నా. "వాల్రస్ అంటారు తాతా, పక్కకి తిప్పితే ఆ జంతువు కళ్ళూ కోరల్లాగే ఉంటది" అన్నాడు. అది పేరు, చదవడం కాదు. "చెయ్యి" అంటే సరిపోదు, ఎందుకంటే వెంటనే అడుగుతోంది. "అవునా" అన్నా సరిపోదు, ముందు పెడుతోంది. చాలాసేపు ఆలోచించా. బడిలో క్త్వార్థకం నేర్పిన మాస్టారు గుర్తొచ్చారు. వచ్చి, తిని, చేసి. ఒక పని అయ్యాక ఇంకో పని.

"లైను తెచ్చి, ఉందా చూడు. అలా చదువు."

వాడి వేలు ఫార్మాటర్ మీట మీదికి పోయింది. ఆగు, ముందు పైకి చదవమన్నా.

"లైను తెచ్చి... ఉందా?"

"మళ్ళీ ఒకసారి."