బోల్ట్‌కూ ఒక ఇన్‌సోల్ అమ్మండి!

పాపం ఉసేన్ బోల్ట్! హైదరాబాద్‌లో పుట్టి ఉంటే బాగుపడేవాడు. 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు, ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ చెరపలేదు, ఒప్పుకుందాం. కానీ మనిషికి వెన్నెముక వంకర. కుడికాలు ఎడమకాలి కంటే అర అంగుళం పొట్టి. అమెరికాలోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆయన పరుగు వీడియోలు పట్టుకుని లెక్కలు తీస్తే, కుడికాలు ఎడమదాని కన్నా సుమారు 13 శాతం ఎక్కువ బలంతో నేలను గుద్దుతోందని, ఎడమకాలు 14 శాతం ఎక్కువసేపు నేల మీద ఉంటోందని తేలింది. ఎంత ఘోరం! అదే మన ఊళ్లో అయితే ట్రెడ్‌మిల్ ఎక్కించి, మోకాళ్ల మీద ఎర్రగీతలు గీసి, ఒక జత ఇన్‌సోళ్లు చేతిలో పెట్టి పంపేవాళ్లం.

నమ్మకపోతే ఏ పెద్ద బూట్ల దుకాణానికైనా వెళ్లి చూడండి. ట్రెడ్‌మిల్ మీద అర నిమిషం పరుగెత్తిస్తారు. వీడియో ఆపి, మీ మడమ దగ్గర వేలు పెట్టి కుర్రాడు మొహం దిగాలుగా పెడతాడు.

"సర్, మీ ఎడమ పాదం లోపలికి ఒరుగుతోంది."

"నొప్పేం లేదే బాబూ?"

"ఇప్పుడు లేదు సర్. వస్తుంది."

పంచాంగం చూసి చెప్పేవాళ్లయినా ఇంత ధీమాగా చెప్పరు. వాళ్లు గ్రహశాంతితో సరిపెడతారు, ఇక్కడ బిల్లు ఐదంకెలు. అడుగు వేసినప్పుడు పాదం కాస్త లోపలికి ఒరగడం, నేల కొట్టే దెబ్బను మింగడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు. 927 మంది కొత్త రన్నర్లకు ఒకేరకం మామూలు బూట్లిచ్చి ఏడాదిపాటు గమనించిన డెన్మార్క్ పరిశోధన 2014లో అచ్చయింది. పాదం ఒరిగేవాళ్లకు గాయాలు ఎక్కువేమీ కాలేదు. ఈ ముక్క దుకాణం గోడ మీద ఎక్కడా కనబడదు.

దుకాణం దాటితే మణికట్టు మీది గడియారం పట్టుకుంటుంది. నేల మీద ఉన్న సేపులో ఎడమకాలి వాటా 50.7 శాతం, కుడికాలిది 49.3 శాతం అని రోజూ పద్దు రాస్తుంది. మొగుడూ పెళ్లాల మధ్య కూడా ఇంత కచ్చితమైన సమానత్వం ఎవరూ అడగలేదు. ఆ దశాంశం చూసుకుని మనవాడికి నిద్ర పట్టదు. పొద్దున లేచేసరికి కుడి తుంటిలో ఏదో లాగుతున్నట్టు ఉంటుంది.

ఇక వాట్సాప్ గురువులు. "నిమిషానికి 180 అడుగులు పడాల్సిందే" అంటారు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే కోచ్ మేటి రన్నర్ల అడుగులు లెక్కపెట్టాడు. దాదాపు అందరివీ 180కి తగ్గలేదు. పతకం కోసం దౌడు తీస్తున్నవాళ్ల లెక్క తెచ్చి, నెక్లెస్ రోడ్డు మీద బొజ్జ మోసుకుంటూ కదిలే బాబాయి చెవిలో టిక్‌టిక్ పెట్టారు. మరొకరు "మడమ ఆనకూడదు, మునివేళ్ల మీద దిగాలి" అంటారు. దిగాడు. మోకాలి మీది భారం పిక్కకూ మడమ వెనక స్నాయువుకూ బదిలీ అయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నిన్నటిదాకా నొప్పిలేని పిక్క ఇవాళ మెట్లు దిగనివ్వడం లేదు.

2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించిన పౌలా రాడ్‌క్లిఫ్ తల దారి పొడవునా ఊగుతూనే ఉంది. 1952 హెల్సింకిలో మూడు స్వర్ణాలు కొట్టిన జటోపెక్ మొహం చూస్తే ఎవరో చావబాదుతున్నారేమో అనిపించేది. ఈ ఇద్దరినీ గ్రూపులో చేర్చుకుంటే మన గురువులు వారంలో తీసేసేవారు.

మరి మనవాళ్లకు నొప్పులెందుకు? ఆడలేక మద్దెల ఓడు. పదేళ్లు కుర్చీలో కూర్చున్నవాడు, స్నేహితుడి మెడలో మెడల్ చూసి, రెండు నెలల్లో 21 కిలోమీటర్లకు పేరిస్తాడు. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పానీపూరీ బండి, ఆ పక్కన మూతలేని మ్యాన్‌హోల్. వాటిని తప్పించుకుని రోజూ రోడ్డు ఎడమ అంచున పరుగెడతాడు. వాననీరు జారిపోవడానికి రోడ్డును అంచులకు వాలుగా వేస్తారు కాబట్టి ఎడమకాలు ఎప్పుడూ పల్లంలోనే. ఇన్‌సోల్ వేయాల్సింది మున్సిపాలిటీ, కొంటున్నది మనవాడు.

నిజంగా ఒక కాలు బలహీనమైతే పట్టుకోవడం కష్టమేమీ కాదు. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడండి. రెండోవైపు నడుము కిందికి జారితే, నిలబడిన కాలి పక్క తుంటి కండరం పనిచేయడం లేదని అనుమానించాలి. మెట్టు అంచున ఒంటికాలి మీద మడమను మెల్లగా లేపండి, దించండి. ఒక కాలు ఇరవైకి, రెండోది పన్నెండుకే చేతులెత్తేస్తే తేడా అక్కడుంది. బలహీనమైన కాలితో మొదలెట్టి, అది ఎన్ని చేస్తే రెండోదీ అన్నే చేయాలి. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి. పరుగును మాత్రం కొంచెం కొంచెంగానే పెంచాలి. కుంటుతున్నా, ఎముక మీద ఒకేచోట వేలు పెడితే ప్రాణం లేస్తున్నా, కాళ్ల పొడవులో తేడా రెండు సెంటీమీటర్ల దాకా ఉందనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వాళ్లు కొలిచి చెప్పాక వేసుకునే ఇన్‌సోల్‌తో మనకు పేచీ లేదు.

ఇదంతా మీకు ఇప్పటిదాకా ఎవరూ ఎందుకు చెప్పలేదంటారా? మెట్టు మీ ఇంట్లోనే ఉంది మరి, దానికి బిల్లెలా వేస్తారు?