‘కాదు’ అన్న మాట పోకూడదు: ఒక టైపు మిషన్ ఆత్మకథ

నేను తెలుగు టైపు మిషన్ని. మదనపల్లె టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఉండే గోద్రెజ్ మిషన్ని. 1955లో మమ్మల్ని చేయడం మొదలుపెట్టిన ఆ కంపెనీ 2009లో ఆపేసింది కాబట్టి నా వంశంలో కొత్తగా పుట్టేవాళ్లు లేరు. హార్స్‌లీ కొండ కింది పల్లెల నుంచి, పుంగనూరు నుంచి, కుప్పం నుంచి వచ్చిన పిల్లలు నా మీద వేళ్లు తిప్పడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది కన్ను కోర్టు ఉద్యోగాల మీదే: టైపిస్టు, కాపీయిస్టు, స్టెనో. నా బతుకంతా ఆ వేళ్ల కిందే గడిచింది గనక ఒక మాట గట్టిగా చెప్పగలను. కోర్టులో సాక్ష్యం రాసే పనికి మనమిచ్చే శిక్షణ వేగంతో మొదలై వేగం దగ్గరే ఆగిపోతోంది. ఏ తప్పు ఎవరి కొంప ముంచుతుందో ఎవరూ నేర్పడం లేదు. ఇంగ్లీషు టైపు లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45, షార్ట్‌హ్యాండ్ హయ్యర్‌కు 120. ఈ అంకెలు దాటితే చదువు అయిపోయినట్టే లెక్క.

సాక్ష్యం కాగితమెక్కే తీరు చూడండి. అమెరికాలో కోర్టు రిపోర్టరు స్టెనో యంత్రం మీద ప్రతి ప్రశ్ననూ ప్రతి జవాబునూ ఉన్నదున్నట్టు దించుతారు. అక్కడి జాతీయ సంఘం సర్టిఫికెట్ రావాలంటే ప్రశ్న-జవాబుల పరీక్షలో నిమిషానికి 225 మాటలు అందుకోవాలి. మన దగ్గర పద్ధతి వేరు. వకీలు అడుగుతాడు, సాక్షి చెబుతాడు, జడ్జిగారు ఆ రెంటినీ కలిపి ఒక వాక్యంగా మార్చి డిక్టేట్ చేస్తారు. జడ్జి చెబుతుండగా నేరుగా టైపు మిషన్ మీద కొట్టవచ్చునని సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 5వ రూలులో మా ప్రస్తావనే ఉంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి పక్షం వకీలు అంటాడు: ‘ఆ పొద్దు నువ్వు ఆడ లేవు, అబద్ధం చెప్తా ఉండావు.’ సాక్షి ‘కాదు సామీ’ అంటాడు. కాగితం మీద అది ఇలా పడుతుంది: ‘ఆ రోజు నేను అక్కడ లేననియు, అబద్ధపు సాక్ష్యము చెప్పుచున్నాననియు అనుట నిజము కాదు.’ క్రాస్ అంతా ఇలాంటి వాక్యాల వరసే. తెలుగులో కాదనే మాట వాక్యం కొసన వస్తుంది. అప్పటికి టైపిస్టు చెవి తర్వాతి వాక్యం మీదికి పోయి ఉంటుంది. ఆ రెండక్షరాలు జారిపోతే సాక్షి తానే అబద్ధాలకోరునని ప్రమాణం చేసి ఒప్పుకున్నట్టవుతుంది.

మరి పరీక్ష ఈ తప్పును ఎలా లెక్కపెడుతుంది? కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే స్టెనో పరీక్షలో ఒక మాట వదిలితే ఒక పూర్తి తప్పు, స్పెల్లింగు పోతే సగం తప్పు. అంటే ‘మరియు’ పోయినా ఒకటే, ‘కాదు’ పోయినా ఒకటే. భూమి తగాదాలో తూర్పు హద్దు పడమర అయితే గెనిమ ఈ రైతు చేతిలోంచి ఆ రైతు చేతిలోకి పోతుంది. సర్వే నంబరులో ఒక్క అంకె తారుమారైతే డిక్రీ ఇంకెవరి పొలానికో తగులుకుంటుంది. ఇవన్నీ పరీక్షకు ఒక్కో తప్పే. పైగా అక్కడ చదివేది ఒకే గొంతు, ఒకే వేగం, నున్నగా సాగే వ్యాసం. కోర్టు హాల్లో మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. స్టెనో పోస్టుకు అడిగేది ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్. బోనులో నిలబడే మనిషి మాట్లాడేది మదనపల్లె తెలుగు, కుప్పంలో అయితే అరవం, కన్నడం కలిసిన తెలుగు. ఈ రెంటి మధ్య దూరాన్ని దాటించే పాఠం నా ముందు తెరిచిపెట్టే ఏ పుస్తకంలోనూ లేదు.

జడ్జిగారే డిక్టేట్ చేస్తున్నప్పుడు బాధ్యత ఆయనదే కదా, టైపిస్టుకు అర్థం కావలసిన పనేముందని అడగవచ్చు. బాధ్యత ఆయనదే, కాదనను. కానీ ఆయన ఒకే సమయంలో సాక్షి ముఖం చూడాలి, వకీళ్ల అభ్యంతరాలు వినాలి, తర్వాతి ప్రశ్న చట్టానికి నిలుస్తుందో లేదో తేల్చాలి. కాగితం మీదే చూపు నిలిపే వీలున్నది టైపిస్టుకు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్ ప్రకారం సాక్ష్యం ముగిశాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలి, అవసరమైతే దిద్దాలి, వేరే భాషలో రాసి ఉంటే అతనికి తెలిసిన భాషలో వివరించాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఇదే ఏర్పాటు 278వ సెక్షన్‌గా ఉండేది. రాసింది తప్పు కావచ్చునని చట్టమే ఊహించింది. ఆ చదివి వినిపించడం గబగబా ముగిస్తే, చదువురాని సాక్షి తల ఊపి వేలిముద్ర వేసి పోతాడు. అర్థం చేసుకుని రాసిన టైపిస్టు అయితే అనుమానమున్న వాక్యం దగ్గర ‘సార్, ఇది ఒకసారి’ అని ఆపగలడు.

ఇంకో అభ్యంతరం బలమైనది: మాటను అక్షరం చేసే యంత్రాలు వచ్చేశాయి. కేరళ హైకోర్టు 2025 నవంబర్ 1 నుంచి జిల్లా కోర్టుల్లో సాక్ష్యాల నమోదుకు అలాంటి కృత్రిమ మేధ సాధనాన్ని తప్పనిసరి చేసింది. నేనూ యంత్రాన్నే, కొత్త యంత్రం మీద నాకు పగ లేదు. చేతిరాత కష్టాన్ని మేం తగ్గించినట్టే అది మా కష్టాన్ని తగ్గిస్తుంది. అయితే అదే హైకోర్టు అదే ఏడాది జూలైలో తెచ్చిన విధానంలో కృత్రిమ మేధతో తీర్పులు చేయకూడదని, అనువాదాలను మనుషులు సరిచూడాలని చెప్పింది. సాక్షి రెండు చేతులూ చాపి ‘ఇంత కట్టె’ అంటాడు. భుజం తడిమి ‘ఈడ కొట్టినాడు’ అంటాడు. యంత్రం ‘ఇంత’, ‘ఈడ’ అని రాస్తుంది. ఎంత పొడుగు, ఏ భుజం అన్నది రికార్డులోకి రావాలంటే అక్కడ లోటుందని గమనించే మనిషి కావాలి. వేగం యంత్రానికి వదిలేస్తే మనిషికి మిగిలేది సరిగ్గా ఈ గమనింపే, మనం నేర్పకుండా వదిలేసిందీ అదే.

అందుకే పరీక్షలో ఏ తప్పు ఎంత నష్టం చేస్తుందో చూసి దానికి అంత బరువు కట్టాలి. అది దిద్దేవాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుందనే భయం అక్కర్లేదు. కాదు, లేదు వంటి మాటలు, అంకెలు, పేర్లు, దిక్కులు: ఇవి ఏవో ముందే పట్టీ వేసుకోవచ్చు. వాటిలో తప్పుకు మిగతా వాటికన్నా ఎక్కువ మార్కులు కోయవచ్చు. ఉన్న పోస్టులే కొన్ని, ఇంత శ్రమ ఎందుకనే వాళ్లూ ఉంటారు. నిజమే, ఆంధ్రప్రదేశ్ జిల్లా కోర్టులకు 2022లో ప్రకటించిన 3,432 ఉద్యోగాల్లో స్టెనోలు 114, టైపిస్టులు 170, కాపీయిస్టులు 209. 2025లో 1,620 ఉద్యోగాలకు స్టెనోలు 80, టైపిస్టులు 162, కాపీయిస్టులు 193. తక్కువమందే కాబట్టి ఒక్కొక్కరి చేతి మీదుగా పోయే సాక్ష్యాలు ఎక్కువ. హైకోర్టు, టైపు, షార్ట్‌హ్యాండ్ పరీక్షలు పెట్టే సాంకేతిక విద్యా శిక్షణ మండలి కలిసి తెలుగు ప్రశ్న-జవాబుల డిక్టేషన్‌ను పరీక్షలో చేర్చాలి. అంతవరకు ఆగనక్కర్లేదు పిల్లలూ: ఒకరు వకీలుగా, ఒకరు సాక్షిగా, ఒకరు జడ్జిగా కూర్చుని రోజూ అరగంట సాధన చేయండి, రాసింది పైకి చదివి సాక్షిగా ఉన్నవాడి చేత ఒప్పించుకోండి, ప్రతి వాక్యం కొసనా ‘కాదు’ ఉందో లేదో చూసుకున్నాకే కాగితం నా నుంచి బయటికి లాగండి.